మాట పాతే తోట

తాబేటిదొన శ్రీ దొనమ్మ తల్లి సన్నిధికి వచ్చే భక్తులు ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. ఎండాకాలంలో ఇక్కడ గంట మోగదు. గంట లేక కాదు. కంచు గంట ఉంది, పెద్దదే. మాఘమాసం వెళ్ళి ఎండలు ముదరగానే దాని నాలుకకు పసుపు బట్ట చుట్టేస్తారు. తొలకరి పడి, తోటలో మొదటి తాబేలు మట్టిలోంచి తల బయట పెట్టిన రోజునే మళ్ళీ ఆ బట్ట విప్పుతారు. ఆ నాలుగు నెలలూ మేలుకొలుపు పాడరు, మేళం పెట్టరు, గట్టిగా మాట్లాడరు. అమ్మ నిద్రలో ఉంటుంది.

గుడి అనగానే గోపురాన్ని ఊహించుకోవద్దు. బస్సు దిగిన చోటి నుంచి ఎర్రమట్టి దారిన మైలు దూరం నడిస్తే రెండు రాతిగుట్టల నడుమ ఒక పూలతోట కనిపిస్తుంది. చుట్టూ నడుమెత్తు రాతిగోడ. తోట నడుమ నాలుగు స్తంభాల మీద ఒక చిన్న కప్పు. ఆ కప్పు కింద, నేలలోకి దిగి ఉన్న నల్లని శిలే అమ్మవారు. వీపు మాత్రమే పైకి కనిపిస్తుంది. దాని మీద పచ్చని గీతలు నక్షత్రాల్లా విచ్చుకుని ఉంటాయి. ఎడమ అంచున చిటికెన వేలు పట్టేంత నొక్కు ఒకటుంది. భక్తులు ఆ నొక్కును తాకి కళ్ళకద్దుకుంటారు. శిల ఎంత లోతు దిగి ఉందో ఎవరూ చూడలేదు. చూడకూడదు.

తోట వాకిట్లో ఒక రాతితొట్టి ఉంటుంది. పార, పలుగు, కత్తి, కొడవలి, ఇనుప పొన్ను వేసిన చేతికర్ర, ఏది తెచ్చినా అందులో వదిలిపెట్టి లోపలికి రావాలి. ఇక్కడ పాదు తీసినా, కలుపు తీసినా చేతులతోనే. గన్నేరు పూలు తేవద్దు, తాబేళ్ళకు అవి విషం. మందారాలు, చేమంతులు తేవచ్చు. తాబేళ్ళను లెక్కపెట్టకూడదు. ఎన్ని ఉన్నాయని అడిగితే అర్చకులు, ఉండవలసినన్ని ఉన్నాయని మాత్రం చెబుతారు. దానికి నొచ్చుకోవద్దు.

తోటకు పడమటి వైపు ఒంటరిగా ఒక గోడ నిలబడి ఉంది. ఇల్లు లేదు, మిద్దె లేదు, గోడ మాత్రం ఉంది. దానికి మనిషికి అందనంత ఎత్తులో ఒక కిటికీ. సాయంత్రం పూట ఆ కిటికీ గుండా ఎండ వచ్చి మరువం మడుల మీద పలకలాగా పడుతుంది. అది చూసి ఎందుకో తెలియకుండానే కళ్ళు తుడుచుకునే వాళ్ళను చాలామందిని చూశాం. ఆ కిటికీ కథే ఈ స్థలం కథ.

పూర్వం ఇక్కడ ఎర్రదొన అనే చిన్న పాలెం ఉండేది. దొన అంటే రాళ్ళ మధ్య వాననీరు నిలిచే గుంట. ఆ పాలేన్ని వోబళ నాయనివారు ఏలేవారు. ఆయనకు ఒక్కతే కూతురు. పేరు కోనసాని. ఇరవై ఏళ్ళ పిల్ల. చిన్నప్పటి నుంచీ ఆమెకు ఊపిరి సరిగా ఆడదు. వానాకాలం, చలికాలం ఎలాగో గడిచేవి. ఎండలు ముదిరాయంటే చాలు, మిద్దె మీది గదిలో కిటికీ పక్కన మంచం మీద పడి, కళ్ళు మూసుకుని, ఒక్కొక్క ఊపిరినీ బావిలోంచి చేదినట్టు చేదుకునేది. పెళ్ళి మాట ఎప్పుడో ఆగిపోయింది. వైద్యులు వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు. ఇంట్లో అందరూ ఆమెతో ఒకే మాట అనేవాళ్ళు, తగ్గిపోతుందమ్మా అని.

ఆ కిటికీ కిందే నగరు, అంటే నాయనివారి ఇంటి, పూలతోట. తోట చూసేవాడు బయన్న. ఇరవై అయిదేళ్ళవాడు, మాటకారి కాడు. అతని తల్లి ముంగమ్మ నగరుకు పూలమాలలు కట్టేది. కొడుకు మాట్లాడని మాటలన్నీ ఆమే మాట్లాడేది.

ఒక శ్రావణమాసంలో అడవి నుంచి ఒక చెంచు పెద్ద బుట్టలో నాలుగు మెట్ట తాబేళ్ళను తెచ్చి నాయనివారికి కానుకగా పెట్టాడు. నల్లని డిప్పల మీద పచ్చని చుక్కలు పొడిచినట్టున్నాయి. మనుషులను చూసి మూడు తలలు లోపలికి లాక్కున్నాయి. నాలుగోది, అన్నిటిలోకీ పెద్దది, ఎవరినీ లెక్కచేయకుండా బుట్ట అంచు ఎక్కి అవతలికి దొర్లి, లేచి, తిన్నగా నాయనివారి పాదరక్ష మీదికి నడిచి దాన్ని కొరికి చూసింది. మిద్దె మీది కిటికీలోంచి నవ్వు వినిపించింది. కోనసాని నవ్వి అప్పటికి రెండేళ్ళు.

ఆ నవ్వు విన్న తండ్రికి ఒళ్ళు తెలియలేదు. అక్కడికక్కడే ఇలవేల్పు దీపం తెప్పించి, దాని మీద చెయ్యి చాపి, ఈ నాలుగూ నా తోటలో బతికున్నంత కాలం నా బిడ్డ బతకాలి, ఇదే నా మొక్కు అని అందరూ వినేలా అన్నారు. మిద్దె మీద ఆమె కూడా విన్నది. చెంచు పెద్ద తల గోక్కుని, "దొరా, అవి నీకంటే నాకంటే ఎక్కువ కాలమే బతుకుతాయి. గానీ అవి ఎవరి మాటా వినవు" అన్నాడట. ఆ మాటను ఎవరూ పట్టించుకోలేదు.

అలా తాబేళ్ళు బయన్న చేతిలో పడ్డాయి. తాబేలంటే కదలని జీవం, దాన్ని కాయడం ఏం పని అనుకున్నాడు. మొదటి రోజే నాలుగూ మాయమయ్యాయి. మూడు నీటి కాలువ వెంట గోడ దాటి పోతుండగా దొరికాయి. ఒకటి మిద్దె మెట్లు ఎక్కబోయి రెండో మెట్టు మీంచి వెల్లకిలా పడి, ఎండలో కాళ్ళు కొట్టుకుంటూ ఉంది. ఇంకొంచెం ఆలస్యమైతే మాడిపోయేదే. అప్పటి నుంచి పూటకు నాలుగుసార్లు తోటంతా తిరిగి, వెల్లకిలా పడిన దాన్ని తిరగేయడం అతని పనుల్లో ఒక పని అయింది.

అవి ఆకులు ముట్టేవి కావు, రాలిన పూలే తినేవి. అందులోనూ ఎరుపు, పసుపు. రాలినవి అయిపోతే చేమంతి మడిలో పడి, మెడ చాచి, అందినంత మేరా మొగ్గలతో సహా కొరికేసేవి. ముంగమ్మ ఖాళీ గంప చూపించి, "నీ చుట్టాలు దేవునికంటే ముందే పూజ చేయించుకున్నారు రా. ఇంక నగరుకు ఏం కట్టేది, నీ మొలతాడు కట్టాల్నా?" అని దెప్పేది. మగవి రెండూ ఎదురుపడితే కొబ్బరి చిప్పలు కొట్టినట్టు టక్కు టక్కుమని డిప్పలతో ఢీకొనేవి. ఆ చప్పుడుకు కోనసాని కిటికీలోకి వచ్చి, మీ పాలెగాళ్ళు మళ్ళీ యుద్ధానికి దిగినారు బయన్నా, సంధి చేయించు అనేది.

అన్నిటికంటే వింత, అవి మనిషి అడుగును గుర్తుపట్టడం. రోజూ సాయంత్రం కోనసాని కిటికీలోంచి ఒక మందారం కిందికి వదిలేది. పది రోజులు గడిచేసరికి ఆమె ఇంకా మంచం దిగుతుండగానే, ఆ అడుగుల అదురు గోడలో ఎలా వినిపించేదో ఏమో, నాలుగూ తోట నాలుగు మూలల నుంచి నడిచి వచ్చి కిటికీ కింద నిలబడి, మెడలు పైకి చాచి చూసేవి. వాటి వెనక బయన్న నిలబడేవాడు. అతనూ పైకే చూసేవాడు. పెద్దదానికి ఆమె చుక్కమ్మ అని పేరు పెట్టింది.

ఆ వానాకాలం, ఆ చలికాలం ఆమె ఒంటికి కొంచెం రంగు వచ్చింది. మార్గశిరంలో ఒక సాయంత్రం చుక్కమ్మ కిటికీ కింద వెనక కాళ్ళతో గుంట తవ్వడం ఆమే మొదట చూసింది. మట్టి గట్టిగా ఉంటే తానే తడి చేసుకుని, మెత్తబరిచి, తవ్వి, కాసేపటికి మళ్ళీ పూడ్చి, డిప్పతో చదును చేసి వెళ్ళిపోయింది. అది గుడ్లు పెట్టిందని, అక్కడ ఒక వేపపుల్ల గుచ్చమని ఆమె చెబితే బయన్న గుచ్చాడు.

పుష్యమాసంలో ఒక మగ తాబేలు రెండు రోజులు కనబడలేదు. ఆమె అడిగితే, భయపడుతుందని, అన్నీ ఉన్నాయి అమ్మణ్ణీ అని చెప్పాడు. మూడో రోజు అది కట్టెల మోపు కింద దొరికింది. అప్పుడు ఆమె కిటికీలోంచి మెల్లగా, "నేను పైనించి చూస్తానే ఉన్నాను. మూడే ఉన్నాయని నాకు తెలుసు. ఈ ఇంట్లో నాకు నిజం చెప్పేవాళ్ళు లేరు బయన్నా. నువ్వు గూడా ఆ వరసలోనే కూర్చుంటే నేనింక ఎవర్ని అడగాల?" అన్నది. బయన్న వంగి నేల మీద అరచెయ్యి పెట్టి, ఇంక ఎన్నడూ నీకు అబద్ధం చెప్పనని ప్రమాణం చేశాడు.

వాళ్ళిద్దరి నడుమ జరిగింది అంతే. ఒక కిటికీ, ఒక తోట, సాయంత్రానికి ఒక పువ్వు. లోకంలో ఇంతకంటే తక్కువ దానికి పెద్ద పెద్ద పేర్లు పెట్టుకున్న వాళ్ళున్నారు. వీళ్ళు ఏ పేరూ పెట్టుకోలేదు.

ఫాల్గుణం వచ్చింది. తాబేళ్ళు తిండి తగ్గించాయి. మందారం ముందర పడినా వాసన చూసి వదిలేసేవి. ఒకరోజు మూడే వచ్చాయి, మరో వారానికి రెండు. ఉగాది నాటికి కిటికీ కింద బయన్న ఒక్కడే నిలబడ్డాడు. ఈసారి అబద్ధం చెప్పలేదు. ఒకటీ కనబడలేదు అమ్మణ్ణీ అన్నాడు. ఆమె అప్పటికే మంచాన పడింది. అయినా మాటలో దిగులు లేదు. చుక్కమ్మ మరువం మడి అంచున ముందుకాళ్ళతో మట్టి తోడి, లోపలికి దిగి, పైన కప్పుకోవడం తాను చూశానని చెప్పింది. "నిద్రపోయింది బయన్నా. ఎండల్లో నేను ఎట్లా పడుకోనుంటానో అట్లనే. వాన పడితే అదీ లేస్తుంది, నేనూ లేస్తాను. తవ్వొద్దు."

బయన్న తల ఊపాడు. నమ్మాలనే ఉంది. కానీ అతను పూల మధ్య పెరిగినవాడు. ఒక పూట నీళ్ళు తప్పితే చెట్టు తల వాల్చేయడం చూసినవాడు. నీళ్ళు లేకుండా, మేత లేకుండా, నిప్పులాంటి మట్టి కింద నెలల తరబడి బతికే జీవం ఉంటుందని అతని మనసుకు ఎక్కలేదు. చైత్రం పోయింది, వైశాఖం పోయింది. రోజూ ఉదయం ఆ మడి దగ్గర కూర్చుని మట్టి మీద చెయ్యి పెట్టి చూసేవాడు. చెయ్యి కాలేది.

ఈలోగా తాబేళ్ళు కనబడడం లేదన్న మాట నాయనివారి చెవిన పడింది. ఆయన తోటలోకి దిగి వచ్చి, ఎండిన పాదుల మధ్య నిలబడి, కోపం లేకుండానే అన్నారు. శుక్రవారం ఉదయానికి నాలుగింటినీ తెచ్చి బిడ్డ మంచం పక్కన విడిచిపెట్టాలని, ఆమె కళ్ళారా చూసుకోవాలని. ఆయన గొంతులో ఉన్నది ఆజ్ఞ కాదు, బతిమాలడం. అదే బయన్నను ఎక్కువ భయపెట్టింది.

గురువారం తెల్లవారగానే బయన్న పార తీశాడు. తవ్వొద్దన్న మాట చెవిలో ఉంది. అయినా తీశాడు. చేమంతి మళ్ళు తవ్వాడు, కనకాంబరాల గట్టు తవ్వాడు. ముంగమ్మ వద్దన్నా వినలేదు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి మరువం మడి అంచున పార ఖంగుమని రాతికి తగిలినట్టు తగిలింది. చేతులతో మట్టి తీసి చూస్తే చుక్కమ్మ. డిప్ప ఎడమ అంచున చిటికెనవేలంత ముక్క ఎగిరిపోయింది. నెత్తురు లేదు. తల లోపలికి పోయి ఉంది, కాళ్ళు ముడుచుకుని ఉన్నాయి, ఒళ్ళంతా చల్లగా మట్టిగడ్డలాగా ఉంది. నీళ్ళు చల్లాడు. మందారం తెచ్చి ముక్కు దగ్గర పెట్టాడు. డిప్ప మీద వేలితో తట్టి పేరుపెట్టి పిలిచాడు. ఎంతసేపు కూర్చున్నా కదలిక లేదు. పార దెబ్బ తిని కూడా ఉలకని జీవం బతికి ఉంటుందా అనుకున్నాడు. ఒకటి ఇట్లా అయితే తక్కిన మూడూ అంతే అనుకున్నాడు.

ఇంటికి పోయి పసుపు కుంకుమలు తెచ్చాడు. ముత్తైదువకు చేసినట్టు చుక్కమ్మ డిప్పకు నిండా పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, అదే గుంటలో ఉంచి, మట్టి కప్పాడు. కప్పుతున్నంత సేపూ ఏడ్చాడు.

ముంగమ్మ అన్నీ చూసింది. అతను చేతులు కడుక్కుని నగరు మెట్ల వైపు తిరిగేసరికి అడ్డం వచ్చి నిలబడింది. ఎప్పుడూ వెటకారమాడే మనిషి ఆనాడు ఒక్క వెటకారమూ ఆడలేదు.

"ఆ మాట పైకి తీసుకపోవద్దు నాయనా."

"అబద్ధం చెప్పనని ఒట్టు పెట్టుకున్నానమ్మా."

"అబద్ధం చెప్పమన్లేదు. ఆగమంటున్నా. నువ్వు దాన్ని ఎట్లా మట్టిలో పెట్టినావో, ఆ మాటనూ అట్లనే మట్టిలో పెట్టు. వాన పడేదాకా ఆగు. నిజమైతే అప్పటికీ నిజమే గదా, యాడికి పోతుంది?"

అతను ఆగలేదు. రేపు నాయనివారు తాబేళ్ళను తెమ్మంటారు, అప్పుడు ఎవరో ఒకరు ఆమెకు చెప్పనే చెబుతారు, ఆమెకు చెప్పేదేదో తానే చెప్పాలి, అదొక్కటే తాను ఆమెకు ఇచ్చుకోగలిగింది అనుకున్నాడు. ఆ మెట్లు అతను అంతకు ముందెన్నడూ ఎక్కలేదు. గడప దగ్గరే నిలబడ్డాడు. దగ్గరగా చూస్తే ఆమె అంత చిన్నగా ఉంటుందని అతనికి తెలియదు.

"అమ్మణ్ణీ, చుక్కమ్మ పోయింది" అన్నాడు.

ఆమె చాలాసేపు ఊపిరి కూడగట్టుకుని, "నువ్వు చూసినావా?" అని అడిగింది.

"చేత్తో పట్టుకుని చూసినాను."

"నువ్వు చెప్పినావంటే నిజమే" అన్నది. తర్వాత తల అటు తిప్పుకుని, కిటికీ మూసెయ్యమని దాదికి సైగ చేసింది. ఎంత ఎండలోనూ ఆ కిటికీ మూయనిచ్చేది కాదట. ఆనాడు తానే మూయించింది.

మూడో రోజు ఉదయం కోనసాని ప్రాణం విడిచింది. ఉబ్బసం తీసుకుపోయిందన్నారు వైద్యులు. మొక్కు తీసుకుపోయిందన్నారు నగరువాళ్ళు. బయన్నకు మాత్రం తెలుసు, ఏది తీసుకుపోయిందో.

పదకొండో రోజు. మృగశిర కార్తె ఇంకా రెండు రోజులుందనగా, కర్మ చేసి నాయనివారు, బంధువులు తడిబట్టలతో తోట దారిన నగరుకు తిరిగి వస్తున్నారు. మిట్టమధ్యాహ్నం. దక్షిణం నుంచి మబ్బు లేచి, చూస్తూ చూస్తూ ఉండగానే పెద్ద చినుకులతో వాన దిగింది. తవ్వి పారేసిన తోటంతా ఎర్రని బురద అయింది. అందరూ చూరు కిందికి పరుగెత్తారు. బయన్న కదలలేదు. మరువం మడి దగ్గర మట్టి పొంగినట్టు పైకి లేచింది. పగిలింది. అందులోంచి పసుపు పచ్చని డిప్ప ఒకటి బయటికి వచ్చింది. పసుపు ఇంకా చెదరలేదు. కుంకుమ బొట్లు వానకు కరిగి ఎర్రగా జారుతున్నాయి. ఎడమ అంచున పార కొట్టిన నొక్కు.

చుక్కమ్మ మెడ చాచి వాననీళ్ళు తాగింది. తర్వాత తొందర లేకుండా బురద దాటుకుంటూ కిటికీ కిందికి నడిచి, ఎప్పటిలాగే తల ఎత్తి నిలబడింది. కాసేపటికి జాజిపొద మొదటి నుంచి ఒకటి, గోడ వార నుంచి ఒకటి, కాలువ గట్టు నుంచి ఒకటి, తక్కిన మూడూ వచ్చి పక్కన చేరాయి. నాలుగు మెడలూ పైకి చూస్తున్నాయి. పైన కిటికీ మూసి ఉంది.

ఎవరైనా తెరవండి అన్నారు నాయనివారు. చివరికి బయన్నే వెళ్ళాడు. ఆ మెట్లు రెండోసారి ఎక్కి, ఖాళీ మంచం పక్క నుంచి నడిచి, కిటికీ తెరిచి, ఒక మందారం కిందికి వదిలాడు. ఆ సాయంత్రానికి వేపపుల్ల గుచ్చిన చోట మట్టి బీటలువారి, నిమ్మచెక్కంత పిల్లలు ఒకదాని వెనక ఒకటి వానలోకి నడిచాయి. ఆమె ఉండి ఉంటే ఎంత నవ్వేదో రాయడానికి చెయ్యి రావడం లేదు.

నాయనివారు బయన్నను శిక్షించలేదు. పాలెం వదిలి వెళ్ళిపోయే నాడు పిలిపించి, తోటను అతనికి అప్పగించి ఇలా అన్నారట: "నీ మీద నాకు కోపం లేదు. నువ్వు ఒక్కసారి అన్నావు. నేను దీపం మీద చెయ్యి పెట్టి, బిడ్డ వినేటట్టు అన్నాను. నాలుగు పురుగులకు నా బిడ్డ ఊపిరిని కట్టిపెట్టినవాణ్ణి నేను." ఆయన మళ్ళీ ఈ వైపు రాలేదు. మనుషులు లేని మిద్దె ఏళ్ళ మీద కూలిపోయింది. కిటికీ ఉన్న గోడ మాత్రం నిలిచింది.

నాయనివారు వెళ్ళిన నాడే బయన్న తన పారను, పలుగును, ఇంట్లో ఉన్న ఇనుమంతటినీ దొనలో పడేశాడు. కిటికీ కింద చేతులతో ఒక చిన్న గుంట తీసి, అందులోకి వంగి, ఆనాడు ఆమెకు చెప్పిన మాటను మళ్ళీ ఒక్కసారి చెప్పి, మట్టి కప్పి, అరచేత్తో అదిమాడు. పక్కన నిలబడిన ముంగమ్మ, "పదైదు దినాల ముందు చేయాల్సిన పని" అని మాత్రం అన్నది. ఆ తర్వాత ఆమె ఆ ఊసు ఎన్నడూ ఎత్తలేదు. అతను పెళ్ళి చేసుకోలేదు. చేతులతోనే మళ్ళు తీసి, చేతులతోనే నీళ్ళు కట్టి, ముసలివాడయ్యాడు. ఎండలు రాగానే తాబేళ్ళు నేలలోకి దిగేవి, వానకు లేచేవి. ఏ ఏడూ ఎన్ని దిగాయో, ఎన్ని లేచాయో అతను లెక్కపెట్టలేదు.

ఒక ఏడు వాన పడినా చుక్కమ్మ లేవలేదు. రెండో ఏడూ లేవలేదు. ఊళ్ళోవాళ్ళు, అది పోయి ఉంటుంది, తవ్వి చూడు తాతా అనేవాళ్ళు. అతను మరువం మడి పక్కన కూర్చుని చేత్తో కలుపు తీసుకునేవాడు. మూడో ఏడు ఎండాకాలం, మధ్యాహ్నం వేళ గోడ నీడన కునుకు పట్టింది. కలలో కిటికీ తెరుచుకుని ఉంది. అందులో కోనసాని, ఆ ఇరవై ఏళ్ళ మొహంతోనే. ఊపిరికి వెతుకులాట లేదు. "ఇప్పుడు తవ్వు బయన్నా. చేత్తో తవ్వు. వేలికి తగలగానే ఆగిపో. పైకి తీయొద్దు, నన్ను లేపొద్దు" అన్నది.

లేచి తవ్వాడు. మోచేతి లోతున వేళ్ళకు డిప్ప తగిలింది. మట్టి ఊది చూశాడు. నల్లని వీపు మీద పచ్చని చుక్కలు, ఎడమ అంచున నొక్కు. అయితే ఎప్పటికంటే ఎంతో పెద్దది. అంచు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియనంత పెద్దది. తట్టి చూస్తే రాయి. చెప్పినట్టే అక్కడ ఆగిపోయాడు. ఏటేటా వానకు చుట్టూ మట్టి కరిగి ఇప్పుడు మనం చూసేంత బయటపడింది. కలలో మాట్లాడింది కోనసానా, ఆమె గొంతుతో అమ్మవారా అన్నది పెద్దలు రెండు విధాలా చెబుతారు.

ఊరు ఊరంతా వచ్చి చూసి, ఇది శిలా, నిద్రపోతున్న తాబేలా, ప్రాణం ఉందా లేదా అని బయన్నను అడిగారు. ఆయన అన్న మాట ఈనాటికీ ఇక్కడ చెప్పుకుంటారు. "నన్ను అడగొద్దండి. ఒకసారి చెప్పి చూసినాను."

ఆ రోజు నుంచి ఎర్రదొన తాబేటిదొన అయింది. నేలలో ఉన్న తల్లి దొనమ్మ అయింది.

ఇక ఇప్పటి ఆచారం. మంచాన పడిన మనిషికి ఒక చెడ్డ మాట చెప్పవలసి వచ్చినవాళ్ళు ముందుగా ఈ తోటకు వస్తారు. వైద్యుడు చెప్పిన మాట కావచ్చు, దూరాన ఎవరో పోయిన మాట కావచ్చు. వాకిట్లో ఇనుము వదిలి, అమ్మ నొక్కును తాకి, కిటికీ గోడ కింద చేతులతో జానెడు గుంట తీసి, ఆ మాటను అందులోకి చెప్పి, మట్టి కప్పి, అరచెయ్యి ఆనించి వెళ్ళిపోతారు. దీన్ని మాట పాతడం అంటారు. పదకొండు రోజులు ఆ మాట ఎవరితోనూ అనరు. మంచాన ఉన్న మనిషి తనంతట తాను ఒట్టు పెట్టి అడిగితే అప్పుడు చెప్పాలి, అబద్ధం ఆడకూడదు. అడగకపోతే పదకొండు రోజులూ ఆగాలి. ఆ తర్వాత కూడా అది నిజంగానే ఉంటే, కూర్చుని, చెయ్యి పట్టుకుని చెప్పాలి.

ఇక్కడ మాట పాతితే రోగం నయమవుతుందని మేము రాయడం లేదు. పాతిన మాటల్లో చాలా వరకు నిజాలే అవుతాయి. కిందటేడు వైశాఖంలో దర్జీ పని చేసే రామక్క అనే ఆమె తన తండ్రి గురించి పెద్దాసుపత్రిలో చెప్పిన మాటను తెచ్చి ఇక్కడ పాతింది. పన్నెండో రోజున ఆయనకు చెప్పింది, ఆషాఢంలో ఆయన పోయారు. మళ్ళీ వచ్చి గంట దగ్గర కూర్చుని ఆమె చెప్పిన సంగతి ఇది. ఆ పదకొండు రోజులూ ఆయన రోజూ కుట్టుమిషను పక్కన కూర్చుని, నీ కుట్టు వంకరపోతోందే అని ఆమెను ఆటపట్టించారట. ఆ మాట ముందే చెప్పి ఉంటే ఆ పదకొండు రోజులు ఉండేవి కావు అన్నది. ఏడుస్తూనే అన్నది.

ఒక్కొక్కసారి మాత్రం, పాతిన మాట వాన నాటికి అబద్ధమై లేస్తుంది. అందుకే ఆగమంటారు.

తొలకరి పడిన రోజున ఈ క్షేత్రంలో జరిగే సేవ ఒక్కటే. గంటకు బట్ట విప్పుతారు. తాబేళ్ళు మట్టి దులుపుకుని ఒక్కొక్కటే నడిచి వచ్చి, ఇల్లు లేని ఆ గోడ కింద చేరి, మెడలు పైకి చాచి నిలబడతాయి. వీటిలో ఏదీ కోనసానిని చూసి ఎరగదు. వీటి తల్లులు కూడా ఎరగవు. అయినా వస్తాయి. అర్చకుల ఇంటి ఆడపడుచు గోడ వెనక నిచ్చెన ఎక్కి, కిటికీలోంచి ఒక మందారం వదులుతుంది. ఆ పువ్వు నేలను తాకేదాకా ఎవరూ మాట్లాడరు. తాకిన తర్వాత గంట కొడతారు.

అమ్మ దర్శనానికి వచ్చే వారందరికీ చెప్పవలసిన మాటకు ఓర్పు, వినవలసిన మాటకు వ్యవధి దొరకాలని దొనమ్మ తల్లిని వేడుకుంటున్నాము. తోటలో మెల్లగా నడవండి. కాలికింద మట్టి మెత్తగా తగిలితే అడుగు పక్కకు వేయండి. ఎవరో ఒకరు అక్కడ నిద్రలో ఉండి ఉంటారు.